ముందు పని తేల్చుకోండి... తర్వాతే మాక్రో లెన్స్‌!

జిమికీ అంచున వేలాడే ముత్యం, మిర్చి పువ్వులో దాక్కున్న తామర పురుగు, పట్టుచీర అంచులో జరీ పోగు... కంటికి సరిగా ఆనని ఇలాంటి వాటిని తెరనిండా చూపించేదే మాక్రో ఫొటోగ్రఫీ. నగల దుకాణాల నుంచి ఆన్‌లైన్‌ అమ్మకందారుల వరకూ, వ్యవసాయ పరిశోధన నుంచి దంత వైద్యం వరకూ దీని అవసరం ఉంది. డిగ్రీ చదువుతూనే కొంత సంపాదించుకోవాలన్నా, పూర్తిస్థాయి కెరియర్‌గా మలచుకోవాలన్నా అవకాశం ఉన్న రంగమిది. అయితే ఇందులోకి రావాలనుకునే విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే- ‘ఏ మాక్రో లెన్స్‌ కొనాలి?’.

ఒక బ్రాండ్‌ పేరు చెప్పేస్తే తేలిపోయే ప్రశ్న కాదిది. కొత్త మాక్రో లెన్స్‌ అంటే మాటలు కాదు. బ్రాండును బట్టి వేలకు వేలు వెచ్చించాలి. చాలా ఇళ్లలో అది ఒక సెమిస్టర్‌ ఫీజు, లేదంటే అమ్మానాన్నలు పక్కన పెట్టుకున్న పొదుపు. అంత సొమ్ము పెట్టేముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీరు దేన్ని ఫొటో తీయబోతున్నారు? దానికి డబ్బు ఎవరిస్తారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే లెన్స్‌ ఏదో దాదాపు తేలిపోయినట్టే.

‘మాక్రో’ అని రాసి ఉంటే చాలదు!

అసలైన మాక్రో లెన్స్‌ను గుర్తుపట్టడానికి ఒక కొలత ఉంది. వస్తువు ఎంత పరిమాణంలో ఉందో కెమెరా సెన్సర్‌ మీద దాని బింబం కూడా అంతే పరిమాణంలో పడాలి. దీన్ని 1:1 నిష్పత్తి లేదా 1× మాగ్నిఫికేషన్‌ అంటారు. ఉదాహరణకు 23 మి.మీ. అడ్డుకొలత ఉన్న ఐదు రూపాయల నాణేన్ని 1:1లో తీస్తే సెన్సర్‌ మీద కూడా 23 మి.మీ. బింబమే పడుతుంది. ఫుల్‌ఫ్రేమ్‌ సెన్సర్‌ కొలత 36×24 మి.మీ. కాబట్టి నాణెం నిలువునా సరిగ్గా సరిపోతుంది. విద్యార్థుల దగ్గర ఎక్కువగా కనిపించే ఏపీఎస్‌-సీ కెమెరాల్లో సెన్సర్‌ సుమారు 23.5×15.6 మి.మీ. మాత్రమే. అందులో నాణెం పైభాగం, కింది భాగం తెగిపోతాయి.

కొన్ని జూమ్‌ లెన్సుల మీద ‘మాక్రో’ అని రాసి ఉంటుంది గానీ వాటిలో చాలావరకు 1:2 లేదా 1:4 దగ్గరే ఆగిపోతాయి. అందుకే పేరు చూసి కాకుండా, వివరాల పట్టికలో ‘మాగ్జిమమ్‌ మాగ్నిఫికేషన్‌’ అన్న అంకె చూసి నిర్ణయించుకోవాలి. నికాన్‌ తన మాక్రో లెన్సులను ‘మైక్రో’ అని పిలుస్తుంది. పేరు వేరైనా పని అదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క నేర్చుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. సెన్సర్‌ వెడల్పును మాగ్నిఫికేషన్‌తో భాగించండి. ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వచ్చేస్తుంది. ఏపీఎస్‌-సీ కెమెరాలో 1× అయితే 23.5 మి.మీ., 0.5× అయితే 47 మి.మీ., 0.3× అయితే సుమారు 78 మి.మీ. వెడల్పు పడుతుంది.

ఇప్పుడు దీన్ని నగలకు వర్తింపజేసి చూద్దాం. 20 సెం.మీ. వెడల్పు ఉన్న హారానికి 0.12× చాలు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్‌ లెన్స్‌తోనే తీసేయొచ్చు. చుట్టూ కాస్త ఖాళీ వదిలి జిమికీ తీయాలంటే ఫ్రేములో 60 మి.మీ. పట్టాలి. అంటే 0.4× దగ్గరకు వెళ్లాలి. కొన్ని కిట్‌ లెన్సులు దీనికి చాలా దగ్గరగా వస్తాయి. ముక్కుపుడక, చిన్న కమ్మ, ఉంగరం మీది రాయి... వీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం 1× కావాలి. ‘నగల ఫొటోలు తీయాలంటే మాక్రో లెన్స్‌ ఉండి తీరాలి’ అనే మాటలో నిజం సగమే. ఏ నగ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

దూరమే అసలు సంగతి

1:1 ఇచ్చే లెన్సుల్లో 40 మి.మీ. నుంచి 180 మి.మీ. వరకూ రకరకాలున్నాయి. అన్నీ అదే పరిమాణంలో బింబాన్ని ఇస్తున్నప్పుడు ధరలో అంత తేడా ఎందుకు? జవాబు- లెన్స్‌ ముందు అద్దానికీ, వస్తువుకూ మధ్య మిగిలే ఖాళీ. దీన్నే వర్కింగ్‌ డిస్టెన్స్‌ అంటారు.

లెన్స్‌ మీద రాసే ‘మినిమమ్‌ ఫోకస్‌ డిస్టెన్స్‌’ ఇది కాదు. దాన్ని సెన్సర్‌ దగ్గర నుంచి కొలుస్తారు. అందులో కెమెరా మందం, లెన్స్‌ పొడవు కూడా కలిసే ఉంటాయి. నికాన్‌ డీఎక్స్‌ 40 మి.మీ. మైక్రో లెన్స్‌ను తీసుకోండి. కాగితం మీద 16.3 సెం.మీ. అని ఉంటుంది. 1:1 దగ్గర లెన్స్‌ ముందు మిగిలేది మూడు, నాలుగు సెంటీమీటర్లే. కెనాన్‌ ఈఎఫ్‌ 100 మి.మీ. ఎఫ్‌/2.8 ఎల్‌ మాక్రో కాగితం మీద 30 సెం.మీ., చేతికి దొరికేది సుమారు 15 సెం.మీ.

ఈ తేడా ఎక్కడ తెలుస్తుందంటే... మూడు సెంటీమీటర్ల దూరంలో లెన్స్‌ నీడే వస్తువు మీద పడుతుంది. లైటు పెట్టడానికి చోటుండదు. మెరిసే బంగారంలో లెన్స్‌ ప్రతిబింబం నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఇక సీతాకోకచిలుక సంగతి సరేసరి, అంత దగ్గరికి వెళ్లేలోపే ఎగిరిపోతుంది!

ఏ పనికి ఏది?

నగలు, చిన్న ఉత్పత్తులు: టేబుల్‌ మీద, ట్రైపాడ్‌తో చేసే పని. వస్తువు కదలదు. 85-105 మి.మీ. మధ్య లెన్స్‌ హాయిగా ఉంటుంది. ఏపీఎస్‌-సీ కెమెరా అయితే 60 మి.మీ. కూడా సరిపోతుంది. ట్రైపాడ్‌ మీద పనికి లెన్సులో స్టెబిలైజేషన్‌ తప్పనిసరి కాదు. అది లేని పాత మోడల్‌ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. హైదరాబాద్‌ ముత్యాలు, లక్క గాజులు, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్‌ నగలు, కరీంనగర్‌ వెండి ఫిలిగ్రీ... మన దగ్గరే ఈ కెమెరాకు బోలెడు పని ఉంది.

చేనేత, హస్తకళలు: పోచంపల్లి ఇక్కత్‌ అంచు, నరసాపురం లేసు అల్లిక, ఏటికొప్పాక లక్క బొమ్మల నునుపు... ఇక్కడ 1:1 అరుదుగా అవసరమవుతుంది. నేత తెలిసేలా తీయాలంటే 0.3-0.5× చాలు. 50-60 మి.మీ. లెన్స్‌ మంచి ఎంపిక. వస్త్రానికి పక్క నుంచి వాలుగా లైటు పడితే పోగులు లేచి కనిపిస్తాయి.

ఆహారం: రెస్టారెంట్‌ మెనూలకు, డెలివరీ యాప్‌లకు తీసే ఫొటోల్లో ప్లేటు మొత్తం కనిపించాలి. 0.5× వరకూ వెళ్లే 35 మి.మీ., 50 మి.మీ. లెన్సులు ఇరుకు గదుల్లో బాగా ఉపయోగపడతాయి. కెనాన్‌ ఆర్‌ఎఫ్‌ 35 మి.మీ. ఎఫ్‌/1.8 లాంటివి ఈ కోవలోవే. ఒక్క లెన్స్‌తో వంటకమూ, వంటగదీ రెండూ తీయొచ్చు.

పురుగులు, పూలు, ప్రకృతి: ఇక్కడ దూరం ఎక్కువ ఉండాలి. 90-105 మి.మీ. కనీసం అనుకోండి. చేత్తో పట్టుకుని తీస్తారు కాబట్టి స్టెబిలైజేషన్‌ కొంత సాయం చేస్తుంది. అయితే దగ్గరికి వెళ్లేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది. కెనాన్‌ తన 100 మి.మీ. ఎల్‌ లెన్స్‌కు మామూలు దూరాల్లో 4 స్టాపులు, 1:1 దగ్గర 2 స్టాపులు అని తానే చెప్పుకొంది. ఫ్లాష్‌, దాని ముందు డిఫ్యూజర్‌ ఉంటే ఇంకా నమ్మకం.

వ్యవసాయ విద్యార్థులు ఒక విషయం గమనించాలి. 2021లో ఏపీ, తెలంగాణ మిర్చి తోటలను దెబ్బతీసిన తామర పురుగు పొడవు ఒక మిల్లీమీటరు అటూఇటూ. 1:1లో తీసినా అది ఫ్రేములో ఇరవయ్యో వంతు మాత్రమే కనిపిస్తుంది. పురుగును గుర్తుపట్టే స్థాయి ఫొటో కావాలంటే 2× ఇచ్చే లావా లాంటి లెన్సులు గానీ, 5× వరకూ వెళ్లే కెనాన్‌ ఎంపీ-ఈ 65 లాంటిది గానీ, లేదా మైక్రోస్కోప్‌ గానీ కావాలి. మామూలు మాక్రో లెన్స్‌ కొని, పురుగు కాళ్లు కనిపించలేదని బాధపడి ప్రయోజనం లేదు.

దంత వైద్యం: చికిత్సకు ముందు, తర్వాత పళ్ల ఫొటోలు తీసి భద్రపరచడం క్లినిక్‌లలో మామూలే. 85-105 మి.మీ. లెన్స్‌, రింగ్‌ లేదా ట్విన్‌ ఫ్లాష్‌ దీనికి స్థిరపడిన కూర్పు. ప్రతిసారీ అదే దూరం, అదే లైటుతో తీయగలగడం ఇక్కడ ముఖ్యం. బీడీఎస్‌ విద్యార్థులు ఇప్పుడే నేర్చుకుంటే మంచిది. రోగి అనుమతి లేకుండా ఒక్క ఫొటో కూడా బయటకు వెళ్లకూడదు.

లెన్స్‌ చేయలేని పని

ఖరీదైన లెన్స్‌ కొన్నాక కూడా ఫొటోలు మసకగా వస్తున్నాయంటే ఎక్కువసార్లు తప్పు లెన్సుది కాదు. దగ్గరికి వెళ్లేకొద్దీ ఫోకస్‌లో ఉండే లోతు విపరీతంగా తగ్గిపోతుంది. ఫుల్‌ఫ్రేమ్‌ లెక్కన 1:1 దగ్గర ఎఫ్‌/2.8లో ఆ లోతు మిల్లీమీటరులో మూడో వంతు. ఎఫ్‌/8లో సుమారు ఒక మిల్లీమీటరు. ఎఫ్‌/16లో రెండు. మీరు ఊపిరి పీల్చి వదిలితే చాలు, కెమెరా అంతకంటే ఎక్కువ కదులుతుంది.

మరి ఎఫ్‌/22, ఎఫ్‌/32 పెట్టేస్తే? అక్కడా చిక్కుంది. 1:1 దగ్గర ఎఫ్‌/16 అంటే వెలుతురు పరంగా, పదును పరంగా ఎఫ్‌/32లా పనిచేస్తుంది. కాంతి సన్నని రంధ్రం గుండా వెళ్తూ చెదిరిపోవడంతో ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఎఫ్‌/8-ఎఫ్‌/11 దగ్గర ఉండి, ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ చాలా ఫొటోలు తీసి, వాటిని సాఫ్ట్‌వేర్‌లో ఒకటిగా కలుపుతారు. దీన్నే ఫోకస్‌ స్టాకింగ్‌ అంటారు. 0.5× దగ్గర ఎఫ్‌/8లో లోతు సుమారు 3 మి.మీ. 20 మి.మీ. లోతున్న ఉంగరానికి, ఒకదానితో ఒకటి కాస్త కలిసేలా తీస్తే 10 ఫొటోల వరకూ కావాలి. ఫొటోషాప్‌లో ఈ సౌకర్యం ఉంది. హెలికాన్‌ ఫోకస్‌, జెరీన్‌ స్టాకర్‌ దీనికోసమే తయారైన సాఫ్ట్‌వేర్లు.

నగల ఫొటోల్లో మరో కీలకం రంగు. ఫొటోలో పచ్చగా మెరిసిన బంగారం చేతికొచ్చాక వేరేలా ఉంటే కొన్నవారు వెనక్కి పంపేస్తారు. గ్రే కార్డుతో వైట్‌ బ్యాలెన్స్‌ సరిచూడటం, వేలిముద్రలు, దుమ్ము ముందే తుడవడం, మిగిలిన మచ్చలు ఎడిటింగ్‌లో తీసేయడం... క్యాటలాగ్‌ స్టూడియోల్లో పని సగం ఇదే. రీటచింగ్‌ బాగా వచ్చినవారికి సొంత లెన్స్‌ లేకపోయినా ఉద్యోగం దొరికే వీలుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

కొనకుండానే మొదలుపెట్టొచ్చు!

మాక్రో మీకు నప్పుతుందో లేదో తెలుసుకోవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు.

ఎక్స్‌టెన్షన్‌ ట్యూబ్‌: కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టం. లోపల అద్దాలేవీ ఉండవు. ట్యూబ్‌ పొడవును లెన్స్‌ ఫోకల్‌ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత మాగ్నిఫికేషన్‌ పెరుగుతుందో తెలుస్తుంది. 50 మి.మీ. లెన్స్‌కు 25 మి.మీ. ట్యూబ్‌ పెడితే అదనంగా 0.5× వస్తుంది. లెన్సుకు సొంతంగా ఉన్నది కలుపుకొంటే 0.65-0.7× వరకూ వెళ్తారు. ఆటోఫోకస్‌, ఎపర్చర్‌ పనిచేయాలంటే ఎలక్ట్రానిక్‌ కాంటాక్టులున్నవే తీసుకోవాలి. కెంకో సెట్‌లో 12, 20, 36 మి.మీ. ట్యూబులు మూడు వస్తాయి. ట్యూబ్‌ ఉన్నంతసేపు దూరపు దృశ్యాలు ఫోకస్‌ కావు, వెలుతురూ కొంత తగ్గుతుంది.

క్లోజప్‌ ఫిల్టర్‌: లెన్స్‌ ముందు తగిలించే భూతద్దం లాంటిది. రేనాక్స్‌ డీసీఆర్‌-250 లాంటివి జూమ్‌ లెన్స్‌ చివర క్లిప్‌లా అమరిపోతాయి. మరీ చవక ఫిల్టర్లతో అంచులు మసకబారతాయి.

రివర్స్‌ రింగ్‌: లెన్స్‌ను తిరగేసి బిగించే రింగు. అన్నింటికంటే చవక. కానీ ఇప్పటి లెన్సుల్లో ఎపర్చర్‌ను కెమెరా నుంచే మారుస్తాం కాబట్టి తిరగేస్తే ఆ అదుపు పోతుంది. సరదాగా నేర్చుకోవడానికి సరే, క్లయింట్‌ పనికి కష్టం.

అద్దె: నగరాల్లో కెమెరా అద్దెకిచ్చే దుకాణాల్లో మాక్రో లెన్సులు రోజు లెక్కన దొరుకుతాయి. కొనాలనుకున్న లెన్స్‌ను ఒక శని, ఆదివారం తెచ్చుకుని నిజమైన పని ఒకటి చేసి చూడండి. సమీక్షలు పది చదివినా రాని స్పష్టత వస్తుంది.

సెకండ్‌ హ్యాండ్‌ కొంటున్నారా?

చాలామంది డీఎస్‌ఎల్‌ఆర్‌ వదిలి మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు. దాంతో పాత మాక్రో లెన్సులు తక్కువ ధరకు చేతికొస్తున్నాయి. మాక్రో లెన్సులు త్వరగా పాతబడవు, ఇది మంచి అవకాశమే. కొనేముందు ఇవి చూడండి.

• మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. అతి దగ్గర నుంచి అనంత దూరం వరకూ ఫోకస్‌ ఎక్కడా ఇరుక్కోకుండా తిరుగుతోందా అన్నది పరీక్షించండి. ఎఫ్‌/2.8లో ఒకటి, ఎఫ్‌/16లో ఒకటి తీసి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి.

• టార్చి వెలుగు లెన్స్‌ లోపలికి పంపి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్‌. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువుండే తీర ప్రాంతాల్లో ఇది ఎక్కువ. ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. కొన్నాక మీరు కూడా సిలికాజెల్‌ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచుకోండి.

• నికాన్‌ వాడేవారికి ప్రత్యేకంగా: డి3500, డి5600 లాంటి కెమెరాల బాడీలో ఫోకస్‌ మోటారు ఉండదు. పాత ఏఎఫ్‌-డి రకం లెన్సులు వాటి మీద ఆటోఫోకస్‌ కావు. ‘ఏఎఫ్‌-ఎస్‌’ అని ఉంటే ఇబ్బంది లేదు.

• మిర్రర్‌లెస్‌ వాడుతుంటే అడాప్టర్‌ ఖర్చు కూడా కలుపుకోండి. కెనాన్‌ ఈఎఫ్‌ లెన్సులు ఆర్‌ఎఫ్‌ మౌంట్‌ కెమెరాల మీద, నికాన్‌ ఏఎఫ్‌-ఎస్‌ లెన్సులు జడ్‌ కెమెరాల మీద ఆయా సంస్థల అడాప్టర్లతో ఆటోఫోకస్‌ అవుతాయి.

• బిల్లు, లెన్స్‌ మీది సీరియల్‌ నంబరు సరిపోయాయా చూడండి. బిల్లు లేని లెన్స్‌ దొంగిలించినదైతే చిక్కుల్లో పడేది మీరే.

డబ్బు లెక్క ఇలా...

కెరియర్‌ కోసం కొంటున్నారంటే అది పెట్టుబడి. ఈఎంఐ మీద సంతకం పెట్టేముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. లెన్స్‌ ధర 45 వేలు అనుకుందాం. ఖర్చులు పోను ఒక్కో నగ ఫొటో మీద మీకు 60 రూపాయలు మిగులుతాయనుకుంటే, లెన్స్‌ డబ్బు తిరిగి రావడానికి 750 ఫొటోలు తీయాలి. అన్ని ఫొటోలు ఇచ్చే దుకాణాలు మీకు ఎన్ని తెలుసు? ఎన్ని నెలలు పడుతుంది? ఈ అంకెలు మీ ఊరి రేట్లతో మార్చుకోండి. జవాబు రెండేళ్లు అని వస్తే లెన్స్‌ ఇంకా కొనకూడదని అర్థం.

చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే వరుస ఇలా ఉంటే బాగుంటుంది: ముందు కదలని ట్రైపాడ్‌, ఆ తర్వాత ఒక లైటు, డిఫ్యూజర్‌, తర్వాత ట్యూబులు. మొదటి ఆర్డర్లు వీటితోనే పూర్తిచేసి, ‘ఈ పని ట్యూబుతో కాదు’ అనిపించిన రోజున లెన్స్‌ కొనండి. అప్పటికి ఏది కావాలో మీకు స్పష్టంగా తెలిసిపోతుంది.

పోర్ట్‌ఫోలియోలో ఏముండాలి?

స్టూడియోల్లో ఇంటర్వ్యూ చేసేవారికి మీ లెన్స్‌ పేరుతో పెద్దగా పని ఉండదు. ఒకే రకం ఫొటోను పదిసార్లు ఒకేలా తీయగలరా అన్నది చూస్తారు. కాబట్టి 12 ఫొటోలు సిద్ధం చేసుకోండి. అమ్మ కమ్మలు, పాత గడియారం, నాణేలు, మసాలా దినుసులు, చీర అంచు... ఇంట్లో దొరికేవే చాలు. వాటిలో నాలుగు ఒకే రకం వస్తువువి, ఒకే లైటు, ఒకే కోణంలో ఉండాలి. ఒకదానికి ఎడిటింగ్‌ ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టండి. ఒకటి ఫోకస్‌ స్టాకింగ్‌ చేసినది ఉంటే ఇంకా మంచిది. ప్రతి ఫొటో కింద లైటు ఎక్కడ పెట్టారో, ఎపర్చర్‌ ఎంతో రాయండి. ‘ఇది ఎలా తీశావు?’ అనే ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలుగుతారు.

ప్రకృతి ఫొటోలు పెట్టేవారు ఒక నియమం పాటించాలి. పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి కదలకుండా చేయడం, గూళ్లను చెదరగొట్టడం లాంటివి తగదు. అలా తీసిన ఫొటోలను అనుభవజ్ఞులు ఇట్టే పట్టేస్తారు.

పద్ధతిగా చదువుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్‌ నెహ్రూ ఆర్కిటెక్చర్‌ అండ్‌ ఫైన్‌ఆర్ట్స్‌ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. పీజీ స్థాయిలో నేషనల్‌ ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ డిజైన్‌ గాంధీనగర్‌ క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ డిజైన్‌ కోర్సు అందిస్తోంది. వీటిలో చేరలేకపోయినా ఒక క్యాటలాగ్‌ స్టూడియోలో ఆరు నెలలు సహాయకుడిగా, సహాయకురాలిగా పనిచేస్తే లైటింగ్‌, రీటచింగ్‌ రెండూ చేతికొస్తాయి. అక్కడి లెన్సులు వాడి చూసే అవకాశం కూడా దొరుకుతుంది.

కొనేముందు ఈ నాలుగూ రాసుకోండి

1. నేను తీయబోయే వస్తువు ఎన్ని మిల్లీమీటర్లు? దానికి ఎంత మాగ్నిఫికేషన్‌ కావాలి?

2. అది కదులుతుందా, కదలదా? లెన్స్‌ ముందు ఎంత ఖాళీ ఉండాలి?

3. ట్యూబుతో గానీ, అద్దె లెన్స్‌తో గానీ ఈ పని ఒక్కసారైనా చేసి చూశానా?

4. ఎన్ని ఆర్డర్లు చేస్తే డబ్బు తిరిగి వస్తుంది? వాటిలో ఇప్పటికి చేతిలో ఉన్నవెన్ని?

నాలుగింటికీ అంకెల్లో జవాబు రాయగలిగితే దుకాణానికి వెళ్లండి. నాలుగో దానికి ‘సున్నా’ అని వస్తే, ముందు మీ వీధి చివరి నగల దుకాణానికి వెళ్లి రెండు నగలు ఉచితంగా తీసిస్తానని అడగండి. మీ కెరియర్‌ మొదలయ్యేది అక్కడి నుంచే.